స్తంభం పక్క సీటు

శిక్షణ శిబిరం, సౌత్ కరోలినా
జూలై 14

ఒరేయ్ ఎమ్మెట్,

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి ఆట మనింటికి వచ్చేసి ఉంటుంది. కాలేజీ ఫుట్‌బాల్ వీడియో గేమ్ మళ్లీ ఎప్పుడు తీస్తారా అని పదకొండేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది ఎవరు? నేను. తీరా అది విడుదలయ్యే వారానికి ఎక్కడున్నాను? బురదలో మోచేతుల మీద పాకుతున్నాను. సైన్యంలో చేరే తేదీ నేనే ఎంచుకున్నాను కాబట్టి తిట్టుకోవడానికి ఇంకెవరూ లేరు. పెట్టి పుట్టాలి దేనికైనా.

వచ్చిన రోజునే మా ఫోన్లు లాక్కుని సంచుల్లో వేసి తాళం వేశారు. శిక్షణ అయ్యేదాకా ఉత్తరాలే దిక్కు. ఎప్పుడైనా ఆదివారం దయతలిస్తే ఐదు నిమిషాలు ఫోన్ చేతికిస్తారట.

నా జీతం డబ్బుతో ముందే కొన్న ఆట అది. దాన్ని ఇప్పుడు విప్పబోయేది నువ్వు. మ్యాచ్ మొదలైతే ఆవులించి, మధ్యలో బ్యాండు వాళ్లు మైదానంలోకి వస్తే మాత్రం లేచి కూర్చునే నువ్వు! కడుపు మండిపోతోందిరా. దాచుకోను, మండిపోతోంది.

సరే, అన్నీ వివరంగా రాయి. మన ఊరి కాలేజీ, సిప్సీ స్టేట్ జట్టు ఉందా? ఎన్ని నక్షత్రాలిచ్చారు? బంతిని ముందుకు తోసే మూడో ప్రయత్నం, అదే మూడో డౌన్, వచ్చినప్పుడు అవతలివాళ్లని బెదరగొట్టడానికి మనవాళ్లు తాళాలు గలగలలాడించే చప్పుడు పెట్టారా? అన్నిటికంటే ముందు, రేకుల కప్పు కింద నాన్న సీటుకి ఎదురుగా ఉండే స్తంభం ఉందా? అది లేకపోతే మిగతాదంతా అబద్ధమే.

ఇంకో సంగతి. సెప్టెంబర్ 7న సొంత మైదానంలో మొదటి మ్యాచ్, అదీ మన బద్ధశత్రువు హార్‌గ్రోవ్ టెక్‌తో. అప్పటికి నేనింకా ఇక్కడే ఉంటాను. నా సీట్లో ఎవరినీ కూర్చోనివ్వకు. నువ్వెప్పుడూ రాలేదు కాబట్టి చెబుతున్నాను, మావి పక్కపక్క సీట్లు. నాన్నది తాత కూర్చున్న సీటు. అక్కణ్ణుంచి స్తంభం అడ్డొచ్చి దక్షిణం వైపు గోల్ కనపడదు. అటు కిక్ కొట్టినప్పుడల్లా నేను చూసి చెప్పాలి. నాన్న బంతి వంక చూడడు, నా మొహం వంక చూస్తాడు. "ఒక్క సీటు ఇటు జరగొచ్చు కదా నాన్నా" అంటే, "మా నాన్న కూర్చున్న చోటే ఇది. నేను జరగను" అంటాడు. కాబట్టి ఆ పని నాది. ఇంకెవరిదీ కాదు.

కవరు మీద బొమ్మలు వేయకు. నా పక్క మంచం అమ్మాయికి వాళ్ల చెల్లెలు గులాబీ పువ్వు వేసి పంపితే, డ్రిల్ సార్జెంట్ వీట్లీ అందరి ముందూ పుషప్‌లు తీయించి గానీ ఉత్తరం ఇవ్వలేదు.

అక్క,
బ్రైలీ

*

హాచీ ఫోర్డ్, అలబామా
జూలై 22

అక్కా,

కవరు మీద ఒకే ఒక్క జెల్ల చేప వేశాను. మన జట్టు గుర్తే కదా, ఏమీ అనరులే.

ఆట వచ్చింది. నేనే విప్పాను. ఏడవకు.

మన జట్టు ఉంది. ఒకటిన్నర నక్షత్రం ఇచ్చారు. ఆ సగం దేనికిచ్చారో నాకైతే అంతుపట్టలేదు. హార్‌గ్రోవ్ టెక్‌కి నాలుగు. పాత ఆటలో ఆటగాళ్లకి అంకెలే తప్ప పేర్లుండేవి కాదు కదా, ఏటా జూలైలో నువ్వు కూర్చుని ఒక్కో అక్షరం నొక్కి మొత్తం జట్టుకి పేర్లు ఎక్కించేదానివి. ఇప్పుడు ఆ శ్రమ లేదు. అందరికీ నిజం పేర్లే, నిజం మొహాలే. పాస్‌లు విసిరే మన క్వార్టర్‌బ్యాక్, అదే బ్యాంకు మేనేజర్‌గారబ్బాయి, వాడి వంకర నవ్వుతో సహా దిగిపోయాడు.

పరుగెత్తేవాళ్లు పాత ఆటలోలా జారిపోరు, వాళ్ల ఒంట్లో బరువుంది. ఒకణ్ణి గుద్దితే నా భుజం నొప్పెట్టినట్టు అనిపించింది. పాస్ విసరడం తేలికే. కిక్ కొట్టడం మాత్రం చచ్చినా కుదరడం లేదు, తెర మీద గీత పైకి వెళ్లి కిందికి వచ్చేలోపు మీట నొక్కాలి, నేను నొక్కేసరికి బంతి పార్కింగ్‌లోకి పోతోంది. పరాయి ఊరి మైదానంలో ఆడితే జనం గోలకి తెర మొత్తం వణుకుతుంది, ఏ మీట నొక్కాలో కూడా కనపడనివ్వరు. మూడో డౌన్‌కి తాళాల చప్పుడు పెట్టారు. నిజంగా పెట్టారు అక్కా.

నాకు నచ్చింది బ్యాండు. మన బ్యాండు వాయించే పాటనే ఎక్కించారు. రెండో బూరా కాస్త అపశ్రుతి పలుకుతుంది చూడు, అది కూడా ఉంది. పరాయి జట్టు బ్యాండు దక్షిణం మూలన కూర్చుంటుంది, నిజంగా కూర్చునేచోటే.

నేనలా చూస్తుండగా నాన్న టైర్ల షాపు నుంచి వచ్చాడు. చేతులు నల్లగా, గుమ్మంలోనే ఆగి, "ఏంట్రా అది?" అన్నాడు.

"మన స్టేడియం నాన్నా."

"మన స్టేడియమైతే స్తంభం చూపించు."

ఆట ఆపి, వెనక్కి తిప్పి చూసుకునేటప్పుడు కెమెరాని ఎక్కడికైనా పోనివ్వచ్చు. నెమ్మదిగా పడమటి వరుసల్లోకి ఎక్కించి, రేకుల కప్పు కిందికి తెచ్చి, తాత సీటు దగ్గర దించాను. ఉంది! దక్షిణం గోల్‌కి సరిగ్గా అడ్డంగా నిలబడి ఉంది. గోల్ లేదు, పరాయి బ్యాండు కూర్చునే మూలా లేదు, అంతా స్తంభమే. నాన్న బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డాడు. "దరిద్రపు స్తంభం, దీన్ని కూడా వదల్లేదు!" అని ఒకటే నవ్వు. నేను కెమెరాని ఒక్క సీటు పక్కకి, అంటే నీ సీట్లోకి జరిపితే అన్నీ కనపడ్డాయి. నాన్న చూసి, "సరేలే, నన్ను మళ్లీ నా సీట్లోకి తే" అన్నాడు.

నువ్వెప్పుడూ రాలేదు కాబట్టి, అని రాశావు. టికెట్లు రెండే కదా అక్కా. మొదటిసారి నాన్న నిన్ను తీసుకెళ్లినప్పుడు నాకు ఏడేళ్లు. ట్రక్కు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూసేవాణ్ణి. అమ్మకి ఫుట్‌బాల్ అంటే పడదు, మొక్కజొన్న రొట్టె చేతికిచ్చి, "పోనీలేరా, మనిద్దరం హాయిగా ఉందాం" అనేది. నాకేమీ హాయిగా ఉండేది కాదు. నన్నెవరూ పిలవలేదు, అంతే.

ఎమ్మెట్

*

శిక్షణ శిబిరం, సౌత్ కరోలినా
జూలై 30

ఒరేయ్ వెధవా,

నీ చేపకి ఇరవై పుషప్‌లు. "ఏమిటిది, ట్రెయినీ ప్రూట్?" అన్నాడు సార్జెంట్, ఇక్కడ అందరినీ ఇంటిపేరుతోనే పిలుస్తారు. "జెల్ల చేప, సార్జెంట్!" అన్నాను. "ఈత కొట్టించు దాన్ని" అన్నాడు. నేల మీద పడుకుని కొట్టించాను.

నీ ఉత్తరం మొదటిసారి ఆట కోసం చదివాను. రెండోసారి చదివింది నాన్న బూట్లు విప్పకుండా కూర్చున్న ముక్క కోసం. నా సంగతి తెలుసు కదా, అక్కడే ఆగిపోయాను. పాత ఆట నేను ఆడుతుంటే నాన్న ఏనాడైనా కూర్చున్నాడా? గుమ్మంలో నిలబడి, "స్కోరెంత?" అని అడిగి స్నానానికి పోయేవాడు. నేను ఊళ్లో లేని వారం చూసుకుని సోఫాలో కూర్చున్నాడన్నమాట. ఏ వైపు కూర్చున్నాడు? నా వైపైతే చెప్పకు.

కెమెరా అలా తిప్పొచ్చని నేను కూడా కనిపెట్టేదాన్ని. నీకంటే ముందే కనిపెట్టేదాన్ని. స్తంభం నేనే చూపించేదాన్ని. ఆ నవ్వు నాకు రావాల్సింది.

వాకిట్లో నిలబడే సంగతి నాకు తెలీదు. సరే.

కిక్ కొట్టేటప్పుడు గీత వంక చూడకు. కిక్ కొట్టేవాడి మోకాలు వంక చూడు, అది వంగగానే నొక్కు. పాత ఆటలో అంతే. కొత్తదానిలో కుదురుతుందో లేదో తెలీదు. తెలుసుకునే యోగం నాకెక్కడిది?

ఇక్కడ పక్క మంచం అమ్మాయి లూయిజియానా వాళ్లది, వాళ్ల జట్టుకి ఐదు నక్షత్రాలట. ఆ సంగతి చెవిలో జోరీగలాగా రోజూ చెబుతోంది. నాన్న ఇంకేమేమి అంటున్నాడో రాయి. వద్దు, రాయకు. రాయి.

బ్రైలీ

*

హాచీ ఫోర్డ్, అలబామా
ఆగస్టు 5

అక్కా,

మోకాలు చిట్కా పనిచేసింది. కవరు మీద ఏమీ వేయలేదు చూడు, అది నీ బహుమతి.

నాన్న సోఫాలో కుడివైపు కూర్చుంటున్నాడు. ఎడమవైపు నాకు వదిలాడు. నువ్వే అడిగావు.

రోజూ షాపు కట్టేసి సరాసరి వస్తున్నాడు. ఆడమంటే ఆడడు, మీటలు ముట్టుకోడు. "నేను కోచ్‌ని, నేను చెప్పింది నువ్వు చెయ్యి" అంటాడు. ఆయన చెప్పింది చేస్తే హార్‌గ్రోవ్ టెక్ చేతిలో నలభై రెండు పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడిపోయాం. "వీళ్లకి మన మీద పగ ఉందిరా, ఈ ఆట తయారుచేసినవాడు టెక్‌లో చదివుంటాడు" అన్నాడు. మర్నాడు మళ్లీ ఓడిపోయాం. నిన్న సాయంత్రం మాత్రం చివరి కిక్‌తో గెలిచాం. మూడో డౌన్ వచ్చేసరికి నాన్న జేబులోంచి షాపు తాళాలు తీసి గలగలలాడించడం మొదలుపెట్టాడు, మనింట్లో, సోఫాలో కూర్చుని! వంటింట్లోంచి అమ్మ, "ఈ ఇంట్లో ఒక పిచ్చిది పోతే ఇంకో పిచ్చోడు తయారయ్యాడు" అంది. ఆ పిచ్చోణ్ణి నేనే. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పుడు నాన్న తెర వంక చూస్తూనే అన్నాడు, "టెక్‌తో మ్యాచ్‌కి మీ అక్క సీటు ఖాళీయే కదరా. వస్తావా?"

 పదకొండేళ్లుగా ఆ మాట కోసం చూస్తున్నాను. నువ్వు ఆట కోసం చూసినట్టే.

ఇప్పుడొక రహస్యం. ఎవరికీ చెప్పకు. హార్‌గ్రోవ్ టెక్ బ్యాండు వాళ్లు ఫోన్ చేశారు. అవును, ఆ టెక్కే. వసంతంలో ఎవరికీ చెప్పకుండా వాళ్ల ఎంపికకి వెళ్లి బూరా వాయించి వచ్చాను. చోటు లేదు, ఆగమన్నారు. ఇప్పుడు వాళ్ల సూసఫోన్ వాడొకడు చదువు మానేశాడట. మెడకి చుట్టుకునే పెద్ద ఇత్తడి బూరా అక్కా, రాష్ట్రంలో అంత బాగా కవాతు చేసే బ్యాండు ఇంకొకటి లేదు. ఫీజులో సగం వాళ్లే కడతారు. నెల మధ్యకల్లా అక్కడుండాలి. ఇక్కడే సిప్సీలో చేరతానని నాన్న అనుకుంటున్నాడు.

చూడు నా ఖర్మ. నాన్న నన్ను రమ్మన్న వారమే వాళ్లూ రమ్మన్నారు. నాన్నతో నేనే చెబుతాను. వచ్చే ఆదివారం భోజనాలయ్యాక, అమ్మ పక్కనుండగా. అప్పటిదాకా నీ నోరు కట్టుకో.

ఎమ్మెట్

*

శిక్షణ శిబిరం, సౌత్ కరోలినా
ఆగస్టు 12

ఎమ్మెట్,

ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. నేను నాన్నకి చెప్పేశాను.

నిన్న పొద్దున ఫోన్లు ఇచ్చారు. ఐదు నిమిషాలు. ఇంటికి చేస్తే నాన్నే ఎత్తాడు. నా గొంతు వినగానే, "ఎలా ఉన్నావమ్మా? తిండి బాగుందా?" అన్నాడు. బాగుందన్నాను. ఇక అక్కణ్ణుంచి, "మన ఎమ్మెట్‌గాడు కిక్ కొట్టాడు చూడు, అబ్బ! నువ్వు చూడాల్సింది" అని మొదలుపెట్టాడు. "వాడికి ఆట బుర్ర ఉంది, నేనే ఇన్నాళ్లు గమనించలేదు. టెక్‌తో మ్యాచ్‌కి వాణ్ణి తీసుకెళ్తున్నాను, నీ సీట్లోనేలే" అన్నాడు. గోడ మీద గడియారం చూస్తున్నాను. నా ఐదు నిమిషాలూ నీ కబుర్లతోనే గడిచిపోతున్నాయి.

"వాడు నా సీట్లో ఎందుకు కూర్చుంటాడు నాన్నా, టెక్ వాళ్ల పక్కన కూర్చుని బూరా ఊదుతాడు కదా" అన్నాను.

"ఏంటి?"

"వాళ్ల బ్యాండులో చేరుతున్నాడు. నీకు చెప్పలేదా?"

కావాలనే అన్నాను. నోరు జారిందని అబద్ధం చెప్పను.  నాన్న, "ఒళ్లు జాగ్రత్తమ్మా" అని పెట్టేశాడు. ఇంకా నిమిషం మిగిలింది, ఏం చేసుకోను దాన్ని?

బ్రైలీ

*

హార్‌గ్రోవ్ టెక్ హాస్టల్
ఆగస్టు 17

బ్రైలీ,

కవరు చూశావు కదా. ముందు, వెనక, అంచుల్లో, ఎక్కడా ఖాళీ లేకుండా చేపలే. లెక్కపెట్టుకుని తీయి పుషప్‌లు.

ఆరు గంటలు ఆగితే నేనే చెప్పేవాణ్ణి. మాటలు కూడా కూర్చుకున్నాను. నేను చర్చి నుంచి వచ్చేసరికి నాన్న సోఫాలో కూర్చుని ఉన్నాడు, టీవీ ఆపేసి ఉంది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "పక్కనే కూర్చుని నాతో కలిసి ఆ టెక్ వాళ్లని ఓడించి చంకలు గుద్దుకున్నావు కదరా" అన్నాడు. "అప్పటికే వాళ్లకి నువ్వు మాటిచ్చేశావు."

"ఇవ్వలేదు నాన్నా, ఆలోచిస్తున్నాను" అన్నాను.

"మా నాన్న బతికుంటే ఆ టెక్ వాళ్ల ఎర్రచొక్కాని ఈ గడప దాటనిచ్చేవాడు కాదు" అని షాపుకి వెళ్లిపోయాడు. ఆదివారం పూట, షాపుకి!

ఆ తర్వాత మూడు రోజులు నాతో ఉప్పు అందుకోమని కూడా అనలేదు. ఆ రోజుల్లోనే నిర్ణయించుకున్నాను. ఇంట్లో ఉన్నా ఆయన పక్కన చోటు లేనప్పుడు, ఉండి ఏం చేయను?

బయలుదేరే రోజు నాన్న పొద్దున్నే షాపుకి వెళ్లిపోయాడు. అమ్మ కారు తీసింది. నా బూరాకి తగిలించి ఊదే ముక్క తెచ్చుకుందామని హాల్లోకి వెళ్తే టీవీ వెలుగుతోంది. మీటల పెట్టె సోఫా మీద పడి ఉంది. నాన్న, ఎన్నడూ ముట్టుకోని నాన్న, ఆట పెట్టుకుని మధ్యలో ఆపేసి వెళ్లాడు. తెర మీద రేకుల కప్పు, పడమటి వరుసలు. కెమెరా ఎక్కడుందో తెలుసా? నీ సీట్లో. నీ సీట్లోంచి దక్షిణం వైపు తిరిగి ఉంది, నువ్వు గోల్ చూసి చెప్పేవైపే.

ఏడుపొచ్చింది. నా గురించి కాదు, నా పిచ్చితనం గురించి. మూడు వారాలు ఆయన పక్కన కూర్చున్నాను. నేను వెళ్లిపోయే పొద్దున కూడా నీ సీటే చూసుకుంటున్నాడు. నువ్వు ఊళ్లో లేకపోయినా అది నీదే. అసూయపడాల్సింది నువ్వు కాదు, ఏడేళ్లప్పుడు వాకిట్లో నిలబడ్డవాడు.

సీటు నీదే. ఏలుకో. నాకు ఉత్తరాలు రాయకు.

ఎమ్మెట్

*

శిక్షణ శిబిరం, సౌత్ కరోలినా
ఆగస్టు 26

ఎమ్మెట్,

వద్దన్నా రాస్తున్నాను. పడేసేముందు చదువు.

కవరు చూసి సార్జెంట్ వీట్లీకే మతిపోయింది. "ఇది ఉత్తరమా, చేపల మార్కెట్టా?" అన్నాడు. ఒక్క చేపని కూడా వదలకుండా తీశాను. చివరికి చేతులు పట్టు తప్పి ముక్కు నేలకి తగిలింది. మర్నాడు పళ్లు తోముకోవడానికి చెయ్యి లేవలేదు. తక్కువే పడింది నాకు.

తప్పు చేశానురా. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. నీకు నాన్న కొత్తగా దొరికాడు, నా నాన్న నాకు పాతబడిపోయాడేమోనని భయమేసింది. నిన్నాయన మెచ్చుకుంటుంటే, ఎవరో నా దుప్పటి లాగేస్తున్నట్టు అనిపించింది. నువ్వు వాకిట్లో నిలబడేవాడివని రాసిన రోజే నాకు సిగ్గేసింది, "సరే" అని ఒక్క ముక్క రాసి తప్పించుకున్నాను. నిజం చెప్పనా, నీకు కూడా ఒక టికెట్ కొనమని నాన్నని అడగాలని నాకెప్పుడూ తోచలేదు. తోచకపోవడమే నాకు హాయిగా ఉండేది.

ఇంకా సిగ్గుమాలిన మాట. కెమెరా నా సీట్లో ఉందని చదివి ముందు సంతోషించాను. నువ్వు ఏడ్చావని పక్క వాక్యంలోనే ఉంది, అయినా సంతోషించాను. ఆ సంతోషానికి నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలి.

ఏడో తారీఖున నువ్వు ఎర్రచొక్కా వేసుకుని మన మైదానంలోకి నడిచి వస్తావు. నాన్న వస్తాడో రాడో నాకు తెలీదు. ఫోన్లు మళ్లీ ఇవ్వలేదు. వస్తే ఒక్కడే వస్తాడు, దక్షిణం కిక్‌లు చెప్పేవాళ్లుండరు. నా సీట్లో ఎవరు కూర్చున్నారో చూసి రాయి. ఎవరైనా సరే, ఏమీ అనను. అనుకుంటాను గానీ అనను.

బ్రైలీ

*

హార్‌గ్రోవ్ టెక్ హాస్టల్
సెప్టెంబర్ 8

అక్కా,

చెప్పాల్సింది చాలా ఉంది, అందుకని కోపం పక్కన పెట్టాను. పూర్తిగా పోలేదు.

మమ్మల్ని బస్సుల్లో తెచ్చి దక్షిణం మూలన కూర్చోబెట్టారు. నా బూరా మూతికి టెక్ గుర్తు గద్ద బొమ్మ ఉన్న ఎర్రగుడ్డ తొడిగారు, అర మైలు దూరం నుంచి కూడా కనపడుతుంది. మన ఊరివాళ్లు నన్ను గుర్తుపట్టేశారు. చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పే మిసెస్ ట్యాగర్ట్ లేదూ, ఆవిడ నా మొహం మీదే తాళాలు గలగలలాడించి, "సిగ్గులేదట్రా ఎమ్మెట్!" అంది. "ఉందండీ, బూరా బరువుకి బయటికి రావడం లేదు" అన్నాను.

కూర్చోగానే పడమటి వరుసల్లోకి చూశాను. స్తంభం కనపడింది. దాని వెనక నాన్న సీటు నాకు కనపడదు కదా, ఆయనకి నేను ఎలా కనపడనో అలాగే. పక్కనే నీ సీటు. దాన్లో ఎవరో ఉన్నారు. ఆకుపచ్చ టోపీ. మొదట ఒళ్లు మండింది, అక్క సీటు ఎవడికిచ్చాడురా అని. నిజం, నీ తరఫున నాకు మండింది! ఆ మనిషి టోపీ తీసి తల తుడుచుకున్నాడు. బట్టతల మీద షాపులో రేకు గీసుకున్న మచ్చ.

నాన్న అక్కా. నీ సీట్లో కూర్చున్నది నాన్న. తాత సీటు ఖాళీగా వదిలేసి, ఒక్క సీటు పక్కకి జరిగి కూర్చున్నాడు.

నాకప్పుడు కెమెరా గుర్తొచ్చింది. మనిద్దరం ఎంత తెలివితక్కువవాళ్లం! ఆయన ఆ పొద్దున నీ సీటుని చూసుకోలేదు. పరాయి బ్యాండు కూర్చునే మూల ఏ సీట్లోంచి కనపడుతుందో చూసుకున్నాడు.

మ్యాచ్ సంగతి ఈపాటికి నీకు ఎవరో చెప్పే ఉంటారు. చివర్లో మనవాళ్లు దక్షిణం వైపే కిక్ కొట్టారు, నా నెత్తి మీదుగా. బయటికి పోయింది. రెండు పాయింట్ల తేడాతో సిప్సీ ఓడిపోయింది. గెలిస్తే వాయించే పాట మాకు ఒకటుంది, పెద్దది. మనవాళ్లంతా తిట్టుకుంటూ లేచి వెళ్లిపోయారు. పడమటి వరుసలు ఖాళీ అయిపోయాయి, ఆ ఒక్క ఆకుపచ్చ టోపీ తప్ప. పాట అయిపోయేదాకా కూర్చున్నాడు. ఆయన వంకే చూస్తూ మధ్యలో రెండు స్వరాలు తప్పాను.

బస్సు దగ్గరికి వచ్చాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"బాగా ఊదావు. పాట మాత్రం దరిద్రం."

"మధ్యలో రెండుసార్లు తప్పాను నాన్నా."

"విన్నాలే."

"నువ్వు తాత సీట్లో కూర్చోలేదే?" అన్నాను.

"స్తంభం అడ్డంరా. నీ దిక్కుమాలిన ఆటలో ముందే చూసుకున్నాను. ఆ మీటలతో పొద్దున్నే గంటసేపు కుస్తీ పట్టాల్సొచ్చింది. ఒకసారి కెమెరా రేకుల కప్పు మీదికెక్కి కూర్చుంది, దిగదు!"

"అక్క అన్నేళ్లు జరగమంటే జరగలేదు కదా?"

నాన్న నేల వంక చూశాడు. "కిక్ లోపలికి పోయిందా లేదా అన్నది మీ అక్క చెబుతుంది. అది చెబుతుంటే దాని మొహం చూడటం నాకిష్టం. ఇక జరగడమెందుకు? నీ సంగతి నాకెవరు చెబుతారు? నేనే చూసుకోవాలి."

అక్షరం మార్చకుండా రాశాను. పైన సగం నీది, కింద సగం నాది.

తర్వాత జేబులోంచి ఒక పొట్లం తీసి ఇచ్చాడు. అమ్మ చేసిన మొక్కజొన్న రొట్టె. "వచ్చే ఏడు మూడు సీట్లు పక్కపక్కన దొరుకుతాయేమో టికెట్ల వాళ్లని అడిగాను. నువ్వా చొక్కా విప్పి వస్తేనే" అన్నాడు. విప్పనన్నాను. "అయితే అక్కడే కూర్చో, నేనే చూస్తాలే" అన్నాడు.

నీ శిక్షణ ముగింపుకి నాన్న, అమ్మ వస్తున్నారు. నన్ను కూడా రమ్మంటావా?

ఎమ్మెట్

*

శిక్షణ శిబిరం, సౌత్ కరోలినా
సెప్టెంబర్ 13

ఒరేయ్ తమ్ముడూ,

మరుగుదొడ్లో తలుపేసుకుని చదివాను. ఇక్కడ ఏడవడానికి ఇంకెక్కడా చోటు లేదు.

పదకొండేళ్లు నేను బతిమాలినా జరగని మనిషి, నీకోసం ఒక్క పూటలో జరిగాడు. మండలేదని అంటే నువ్వు నమ్మవు. మండింది. తర్వాత ఆ పై సగం మళ్లీ చదివాను, కాస్త చల్లారింది. నా మొహం చూడటం ఇష్టమని నాకెప్పుడూ చెప్పలేదురా. నీతో చెప్పాడు. దానికి మళ్లీ మండింది. నా బుద్ధి ఇంతే, ఏం చేస్తాం!

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. నిన్ను నాన్న చూసింది నా సీట్లోంచి. ఆ సీటు లేకపోతే నీకు స్తంభమే గతి.

రమ్మంటావా అని అడుగుతావేంట్రా? వాకిట్లో నిలబడకుండా ముందే వెళ్లి ట్రక్కెక్కు. ఆట కూడా తీసుకురా, ఆ ఒక్క పూటైనా నా చేత్తో ముట్టుకోవాలి. కిక్ నేను కొడతాను. నువ్వు నాన్నకి ఎడమవైపు కూర్చో.

వచ్చేముందు ఒక ఉత్తరం వెయ్యి. లోపల ఏమీ రాయకపోయినా ఫరవాలేదు. కవరు మీద చేప వెయ్యి. పక్కన ఆ గద్దని కూడా వెయ్యి, చేప కంటే చిన్నదిగా. పుషప్‌ల సంగతి నేను చూసుకుంటాను.

అక్క